మూలగదిలో జీవకారుణ్యం

నాలుగో తరగతి పుస్తకంలో ఒక ఏనుగు బొమ్మ ఉండేది. దాని కాలికి గొలుసు ఉండేది. ఎన్నో ఏళ్ళుగా పిల్లలు ఆ గొలుసుతో సహా దానికి రంగులు వేస్తూనే ఉన్నారు. ముందటేడు వేసవిలో ఎవరో ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి లోకానికి పంపారు. లోకం చలించింది. వారం తిరక్కుండానే పాఠ్యపుస్తకాల్లో నివసిస్తున్న సమస్త జంతువుల యోగక్షేమాలు విచారించడానికి ఒక సంఘం ఏర్పడింది. దాని పేరు పాఠ్యగ్రంథ జీవకారుణ్య పరిశీలనా సంఘం.

ఏనుగు గొలుసు తీసేశారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాయవలసిన అవసరం నాకు ఉండేది కాదు. కాని సంఘమంటూ ఏర్పడ్డాక దానికి ఒక గది, ఒక పొడుగాటి బల్ల, ఒక జీపు వస్తాయి. వాటికి పని చూపించాలి కదా.

సంఘం ముందుగా లెక్కల పుస్తకం మీద పడింది. అందులో నూనె రాసిన స్తంభం మీద కోతి మూడడుగులు ఎక్కి రెండడుగులు జారే లెక్క ఉంది. నూనె రాయడం క్రూరత్వమని తేల్చి తుడిపించారు. కోతి జారకుండా ఎక్కేసింది. లెక్క మిగల్లేదు. ఇంకోచోట గుంజకు ఏడు మీటర్ల తాడుతో కట్టిన ఆవు ఎంత వైశాల్యం మేయగలదో కనుక్కోమని ఉంది. తాడు విప్పించారు. ప్రశ్న మాత్రం అలాగే ఉంచి, చివర జవాబుల పట్టికలో "ఆవు ఇష్టం" అని అచ్చు వేయించారు.

మా లెక్కల మాస్టారు సన్యాసిరాజు గారు ఆ జవాబు బోర్డు మీద రాసి, కింద గీత గీసి, స్టాఫ్ రూములోకి వచ్చి కూర్చున్నారు.

"నా సర్వీసులో క్లాసు మొత్తానికీ జవాబు కరెక్టుగా రావడం ఇదే మొదలండి," అన్నారు.

మేము నవ్వుకున్నాం. నేను తెలుగు చెబుతాను కాబట్టి, ఇది నా దాకా వస్తుందని అనుకోలేదు.

ఆ ఏడాదే పదో తరగతికి కొత్త ఉపవాచకం పెట్టారు. 'మూలగది' అనే చిన్న నవల. రాసింది గోటేటి త్రిపురసుందరి. ఆవిడ మా అక్క. నవల ఎంపికైందన్న కబురు వచ్చేనాటికి అక్క పోయి నెల దాటింది. హక్కులు నా పేర వచ్చాయి.

కథ పెద్దదేమీ కాదు. విశాలాక్షి అనే కోడల్ని అత్తవారు పెరటివైపు మూలగదిలో పెట్టి బయట గడియ వేస్తారు. ఎందుకు వేశారో పుస్తకంలో ఎక్కడా లేదు. కారణం చెబితే దాన్ని సమర్థించేవాళ్ళు బయలుదేరతారు, అందుకే రాయలేదనేది అక్క. ఆ గదిలో ఒక పంజరం, పంజరంలో మైనా. గోడ మీద బల్లి. గోడకి అవతల గానుగ, దాని చుట్టూ కళ్ళకు గంతలతో తిరిగే ఎద్దు. విశాలాక్షి తన గురించి ఒక్క ముక్క చెప్పదు. మైనా ఈవేళ ఏమీ ముట్టలేదంటుంది. ఎద్దు అడుగుల చప్పుడు ఆగిపోతే, ఎందుకు ఆగిందో అని గోడకి చెవి పెడుతుంది. తలుపు వేసేటప్పుడు బల్లి తోక సందులో పడి తెగుతుంది. తెగిన తోక ఎంతసేపు కొట్టుకుందో కూర్చుని చూస్తుంది. తనకేమవుతోందో చెప్పుకునే మాటలు ఆమె దగ్గర లేవు. ఆ మైనా, ఆ ఎద్దు, ఆ తోకే ఆమె మాటలు. క్లాసులో ఈ సంగతి వివరిస్తే పాడైపోతుంది. వూరికే చదివితే పిల్లలకి తెలుస్తుంది.

అందులో ఎంత నిజమో అక్కని నేనెప్పుడూ అడగలేదు. గది కొలతలు మాత్రం నిజం.

ఆ పుస్తకం వేసిన ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. చెదలు వదిలిన నాలుగైదు కాపీలు మా ఇంట్లో ఉన్నాయి. ఉపవాచకమైతే రాష్ట్రంలో పదో తరగతి చదివే ఆడపిల్లలందరి చేతుల్లోకీ అది వెళుతుంది. వాళ్ళలో ఒక్కతైనా దాన్ని అక్క రాసినట్టుగా చదువుకుంటే చాలనుకున్నాను. అక్కకి నేను చేయగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

అప్పుడు సంఘం నుంచి పిలుపు వచ్చింది. మీ నవలలో ఒక పక్షి, ఒక పశువు, ఒక సరీసృపం నిర్బంధంలోనూ హింసలోనూ ఉన్నట్టు మా దృష్టికి వచ్చినది, కావున తాము వారసుని హోదాలో స్వయంగా హాజరై సంజాయిషీ ఇచ్చుకోవలసినది అని అందులో ఉంది.

సెలవు పెట్టి వెళ్ళాను.

పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు కూర్చున్నారు. అధ్యక్షులు డాక్టర్ పాలడుగు వీరభద్రం గారు పశుసంవర్ధక శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కార్యదర్శి కృపానందం గారు పాఠ్యపుస్తకాల విభాగం మనిషి. సభ్యురాలు రజనీబాల గారు వీధికుక్కలకి ఉచితంగా వైద్యం చేయిస్తుంటారు. ముగ్గురూ మంచివాళ్ళు. ఆ మాట ముందే చెప్పడం న్యాయం.

అక్క పోయిన సంగతి తెలిసి ముగ్గురూ సంతాపం చెప్పారు. తర్వాత రజనీబాల గారు ముందుకు వంగి మెల్లగా అడిగారు.

"ఆ మైనా ఇప్పుడెక్కడుందండీ?"

పుస్తకంలో ఉందన్నాను.

"పాపం, ఇంకా అందులోనేనా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. నేను తల వంచుకున్నాను.

విచారణ ఎద్దుతో మొదలైంది. కళ్ళకు గంతలు కట్టడం నేరమని, వయసు మళ్ళిన పశువుచేత అన్నేళ్ళు చాకిరీ చేయించడం ఇంకా పెద్ద నేరమని అధ్యక్షులు చదివి వినిపించారు. ఎద్దుకి తక్షణం విశ్రాంతి కల్పించాలని, గానుగకి ఒక మోటారు బిగించాలని తీర్మానించారు. కథ జరిగేనాటికి ఆ ఊరికింకా కరెంటు రాలేదని మనవి చేశాను. ఊరికి కరెంటు ఇప్పించడం విద్యుత్ శాఖ చూసుకుంటుందని, ఆ పేరు చెప్పి పశువును హింసించడం కుదరదని కృపానందం గారు సెలవిచ్చారు.

మొదటి అధ్యాయంలోని బల్లి తోక మీద పెద్ద చర్చేమీ జరగలేదు. తోక తెగడానికి వీల్లేదు. తలుపు వేసేముందు అత్తగారు సందులు చూసుకుని, బల్లి తప్పుకున్నాక వేసినట్టుగా మార్చాలి. ఆ మార్పుతో అత్తగారి పాత్రకి కొంత ఔన్నత్యం కూడా వస్తుందని రజనీబాల గారు సంతోషించారు.

ఆ తర్వాత ఒక చిక్కు వచ్చింది. ఐదో అధ్యాయంలో విశాలాక్షి "లేగదూడని విడదీసిన ఆవులా" అరవబోయి నోరు నొక్కుకుంటుంది. ఆ ఆవు కథలో లేదు, పోలికలో ఉంది. పోలికలో ఉన్న ఆవు సంఘం పరిధిలోకి వస్తుందా రాదా అని అరగంట వాదించుకున్నారు. చివరికి వీరభద్రం గారు తన సర్వీసు అనుభవంతో దారి చూపించారు. అది వేరే చోట ఉండవలసిన పశువు, తాత్కాలికంగా ఈ వాక్యంలోకి డెప్యుటేషన్ మీద వచ్చింది. డెప్యుటేషన్ మీద వచ్చినంత మాత్రాన దాని హక్కులు పోవు. దూడని తక్షణం ఆవు దగ్గరికి చేర్చవలసినది.

"చేరిస్తే ఇంక అరవాల్సిన పని ఉండదు కదండీ," అన్నాను.

"మా ఉద్దేశం అదేనండి మాస్టారూ," అన్నారాయన తృప్తిగా.

ఇవన్నీ నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే నవలని ఉపసంహరిస్తామని కృపానందం గారు మర్యాదగానే చెప్పారు. ఒక ఎద్దు పోయినా, ఒక తోక పోయినా, విశాలాక్షి మిగులుతుంది కదా అని లోపల లెక్క వేసుకున్నాను. ఆ ధైర్యంతోనే అడిగాను, మరి విశాలాక్షి సంగతేమిటని.

ముగ్గురూ కాగితాలు తిరగేశారు.

"ఏ జంతువండీ అది?" అన్నారు రజనీబాల గారు.

జంతువు కాదు, ఆ గదిలో పెట్టి గడియ వేసిన మనిషి అని చెప్పాను. ఆవిడ తమ పరిధిలోకి రారని వీరభద్రం గారు విచారంగా అన్నారు. ఆ మాట అన్నాక ఆయనకే మనసొప్పలేదేమో, మీరు కాదనకపోతే సానుభూతితో ఒక అవకాశం పరిశీలిస్తామన్నారు. విశాలాక్షిని ఈ ఒక్క సందర్భానికి పశువుగా భావించి, పశువుల వసతికి ఉన్న నిబంధనల ప్రకారం ఆమెకు అన్యాయమేమైనా జరిగిందేమో చూడవచ్చు. ఇందులో ఆవిడని కించపరచడం లేదని, నిజానికి హోదా పెంచడమేనని కృపానందం గారు అన్నారు.

చూశారు. మేత రెండు పూటలా పడుతోంది. నీళ్ళ కుండ ఉంది. పైన చిన్న గూడు కిటికీ ఉంది కాబట్టి గాలి ఆడుతుంది. మోయలేని బరువులేవీ మోయించడం లేదు. గది కొలతలు అడిగితే చెప్పాను. వీరభద్రం గారు కాగితం మీద గుణించి కళ్ళజోడు తీశారు.

"పాడి గేదెకి ఇవ్వాల్సిన దానికన్నా ఎక్కువే ఇచ్చారండి. లోపమేమీ కనబడ్డం లేదు."

ఆయన నన్ను ఓదార్చే గొంతుతోనే ఆ మాట అన్నారు. ఆ గది నేను చూశాను. వాళ్ళ లెక్క తప్పు కాదు. గేదె ఒకటి సుఖంగా పడుతుంది.

ఆఖరికి మైనా దగ్గరికి వచ్చాం. పంజరం తెరవాలి, అందులో ఎవరికీ సందేహం లేదు. ఆ వాక్యం నేనే రాశాను: "విశాలాక్షి పంజరం తలుపు తీసింది." వీరభద్రం గారు పెన్ను మూసి, మళ్ళీ తెరిచారు. పంజరంలోంచి వచ్చిన పక్షి ఎక్కడికి పోతుంది? గదిలోకి. గదికి గడియ ఉంది. గూడు కిటికీకి ఊచలున్నాయి. అంటే మైనా చిన్న పంజరంలోంచి పెద్ద పంజరంలోకి బదిలీ అయిందే గాని విడుదల కాలేదు. ఆ గదిలో ఉండడం ఏ ప్రాణికైనా నిర్బంధమేనని రజనీబాల గారు బల్ల గుద్ది చెప్పారు. ఆ మాటకి నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

కాబట్టి గది తలుపే తీయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

తీస్తే విశాలాక్షి వెళ్ళిపోవచ్చు. ఆ ప్రమాదాన్ని కృపానందం గారే ముందు గుర్తించారు. మూడో అధ్యాయంలోనే ఆవిడ వెళ్ళిపోతే మిగిలిన తొమ్మిది అధ్యాయాలూ ఏమవుతాయి? పుస్తకం పేజీలు ఇన్ని ఉండాలని ప్రెస్సుతో ఒప్పందం అయిపోయింది. పైగా మనిషిని విడుదల చేసే అధికారం ఈ సంఘానికి లేదు. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాలి. బాగా ఆలోచించి వీరభద్రం గారు ఒక వాక్యం చెప్పారు. అత్తగారు తలుపు తీసి, మైనాను వెళ్ళనిచ్చి, ఇతరులెవరూ బయటికి పోకుండా జాగ్రత్త వహిస్తూ, తిరిగి గడియ వేసెను. దీన్ని మంచి తెలుగులో పెట్టమని నాకు తెల్లకాగితం ఇచ్చారు. కొత్త వాక్యాలు రచయితగాని, వారసుడుగాని తన చేత్తో రాయాలని నిబంధన.

"తలుపు తీశారు," అని రాశాను. "మైనా ఎగిరిపోయింది," అని రాశాను. మూడో వాక్యానికి పెన్ను ఆనించి కూర్చున్నాను.

"ఏవండీ, గడియ?" అన్నారు కృపానందం గారు.

"అది నేను రాయలేనండి."

"చిన్న వాక్యమే కదండీ మాస్టారూ."

"మా అక్క ఆ గడియ చప్పుడు మీదే పుస్తకం మొత్తం రాసిందండి. ఇంకోసారి నా చేత్తో వేయలేను. కావలిస్తే మీరు వేసుకోండి."

వాళ్ళు వేయడానికి నిబంధన ఒప్పుకోదు. భోజనాల వేళ దాటిపోతోంది. గడియ అన్నది ఏ జంతువుకీ సంబంధించిన విషయం కాదు కాబట్టి దాని ప్రస్తావన అనవసరమని వీరభద్రం గారు తేల్చారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఈ నవలలో ఏ ప్రాణీ బంధింపబడలేదని ధ్రువపత్రం ఇచ్చారు.

ఆ విధంగా 'మూలగది' లక్షల కాపీలు అచ్చయింది. మూడో అధ్యాయంలో తలుపు తీస్తారు. మైనా వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎవరూ ఆ తలుపు వేయరు. మిగిలిన తొమ్మిది అధ్యాయాలూ అక్క రాసినవి రాసినట్టే ఉన్నాయి, మైనా లేకపోవడం, ఎద్దు ఉన్నచోటల్లా మోటారు, ఆవు పక్కన దూడ తప్ప. తలుపు బార్లా తీసి ఉన్న గదిలో విశాలాక్షి ఒక మూల కూర్చుని, పగలు మోటారు చప్పుడు వింటుంది. సాయంత్రం మోటారులా గదిలో గుండ్రంగా తిరుగుతుంది. వాన కోసం గూడు కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయట పెడుతుంది.

నేను గడియ వేయకపోతే ఆమెకి మేలు చేసినవాణ్ణవుతానని అనుకున్నాను. ఏం చేశానో, ఉపాధ్యాయ కరదీపిక వచ్చాక తెలిసింది. తలుపు తెరిచి ఉన్నా గడప దాటని విశాలాక్షి పాత్ర ద్వారా రచయిత్రి కుటుంబ మర్యాదను, సహనాన్ని, స్వచ్ఛంద త్యాగాన్ని చిత్రించారని అందులో రాశారు. విద్యార్థినులకు ఈ విలువలు బోధించాలని సూచించారు. మా హెడ్మాస్టరు గారు అసెంబ్లీలో ఆ పేరా చదివి, మీ అక్కగారు ఎంత సంస్కారవంతులండీ అని నాకు చెయ్యి కలిపారు. ఆ చెయ్యి నేను వదిలించుకోలేదు. ఆయన తప్పేముంది.

క్లాసులో నేను అసలు పుస్తకం చదివి వినిపించాను. అది మా బడి వరకే. మిగతా రాష్ట్రమంతా తలుపు తీసే ఉంది.

పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. "తలుపు తెరిచి ఉన్నప్పటికీ విశాలాక్షి ఎందుకు వెళ్ళలేదు?" నాలుగు మార్కులు.

స్పాట్ వాల్యుయేషనుకి నన్ను పిలిచారు. ఎండాకాలం, పెద్ద హాలు, పైన ఫ్యాన్లు, బెంచీల మీద జవాబుపత్రాల కట్టలు. ఏ జిల్లా పేపర్లు ఎవరికి వచ్చాయో తెలియదు. పేరు, నంబరు ఉన్న భాగాన్ని ముందే చింపి వేరుచేస్తారు. మా బల్లకి చీఫ్ ఎగ్జామినర్ మంగతాయారు గారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న తెలుగు టీచరు. పొద్దున్నే మాకు కీ చదివి వినిపించారు: సహనం ఒక మార్కు, త్యాగం ఒక మార్కు, కుటుంబ గౌరవం రెండు.

దిద్దాను. విశాలాక్షి ఉత్తమ ఇల్లాలు కాబట్టి వెళ్ళలేదు, నాలుగు. అత్తమామల మీద గౌరవంతో వెళ్ళలేదు, మూడు. బయట ఎండగా ఉంది కాబట్టి వెళ్ళలేదు, సున్న. కట్ట తర్వాత కట్ట దిద్దాను. మా అక్క మంచితనం గురించి అంతమంది పిల్లలు అంత చక్కటి దస్తూరీతో రాయగా నేను టిక్కులు పెట్టుకుంటూ పోయాను. కీ ప్రకారం పెట్టడం నా ఉద్యోగం.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పేపరు వచ్చింది. మిగతా జవాబులు అంతంతమాత్రం. వ్యాకరణం సగం వదిలేసింది. ఈ ప్రశ్నకి మాత్రం ఇలా రాసింది:

"ఆ తలుపు మైనా కోసం తీశారు. ఆవిడ కోసం అయితే ఆవిడని పిలిచేవారు. ఎవరూ పిలవలేదు. మా అత్తగారింట్లో కూడా తలుపు పగలంతా తీసే ఉంటుంది. పరీక్షకి నన్ను మామగారు బండి మీద తెచ్చి గేటు దగ్గర కూర్చున్నారు. ఆవిడకి మైనా కూడా లేకుండా పోయింది."

రెండుసార్లు చదివాను. నాలుగు మార్కులు వేసి తర్వాతి పేపరు తీశాను. ఆ పేపరు చదవలేకపోయాను. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

సాయంత్రం పరిశీలనకి తీసిన పేపర్లలో మంగతాయారు గారి చేతికి అదే వచ్చింది. నన్ను పిలిచారు.

"నాలుగెలా వేశారండీ? కీలో ఒక్క ముక్క లేదు కదా."

కథలో ఉందన్నాను.

"అది సరే. ఇంకో గొడవుందండి. సొంత సంగతులు రాసింది. అత్తగారిల్లు, మామగారు, బండి. అభ్యర్థిని గుర్తుపట్టే వివరాలు రాస్తే పేపరు పక్కన పెట్టేసి పైకి పంపాలి. రూలు మీకూ తెలుసు. పంపితే పిల్ల ఫెయిలు."

తెలుసు. ఫెయిలైతే ఆ మామగారు ఇంకోసారి బండి తీయడని కూడా తెలుసు. నేనావిడతో వాదించడానికి మాటలు వెతుక్కున్నాను. మా అక్క అని గాని, మూలగది అని గాని అనలేదు. అది ఆవిడకి అక్కర్లేదు.

"చదవండి మేడమ్," అన్నాను. "చదివి, ఏ పిల్లో మీరు గుర్తుపడితే పైకి పంపించండి."

ఆవిడ చదివారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు. హాల్లో వందమంది దిద్దుతున్నారు, కాగితాల చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. ఆవిడ ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించారు.

"మా బళ్ళో తొమ్మిదిలో నలభైమంది ఆడపిల్లలుంటారండి," అన్నారు. "పదికి వచ్చేసరికి ఇరవై ఆరు. వాళ్ళలోనూ కొందరు అత్తవారింటి నుంచే వస్తారు. ఇది ఎవరనుకోను?"



మంగతాయారు గారు పెన్ను తీసి, గుర్తుపట్టదగిన వివరాలేవీ లేవని మార్జిన్‌లో రాసి, నా నాలుగు పక్కన సంతకం పెట్టారు.